మీ 90 రోజుల ప్యాకేజీ మీద తెనాలి నుంచి ఒక టైలర్ ఫిర్యాదు

తెనాలి,
జూన్ 16.

మేనేజర్ గారికి,
కస్టమర్ సర్వీస్ విభాగం,
హైదరాబాద్.

విషయం: 90 రోజుల్లో 20 కిలోలు తగ్గిస్తామన్న ప్యాకేజీ – డబ్బు వాపసు, ప్రకటన తొలగింపు గురించి.

అయ్యా / అమ్మా,

నేను తెనాలిలో 22 ఏళ్లుగా బ్లౌజులు, చుడీదార్లు కుడుతున్నాను. వయసు 44. ఈ ఏడాది జనవరి 5 నుంచి ఏప్రిల్ 4 వరకు మీ ఆన్‌లైన్ ప్యాకేజీలో ఉన్నాను. ఫీజు 14,999 రూపాయలు కట్టాను. తప్పనిసరి అని మీ కోచ్ కొనిపించిన పౌడర్ డబ్బాలకి ఇంకో 6,400 అయ్యాయి. రసీదులు జత చేస్తున్నాను.

బరువు తగ్గలేదని నేను ఈ లేఖ రాయడం లేదు. తగ్గాను. 82 కిలోల దగ్గర మొదలుపెట్టి 75.5కి వచ్చాను. ఆ ఆరున్నర కిలోలు మంచి ఫలితమని ఇప్పుడు నాకు తెలుసు. మూడు నెలల పాటు మాత్రం అది సిగ్గుపడాల్సిన విషయమని మీరు నన్ను నమ్మించారు. నా ఫిర్యాదు అదీ.

సుగర్ బోర్డర్‌లో ఉంది, కాస్త బరువు తగ్గమ్మా అని డాక్టరు గారు చెప్పిన వారంలోనే ఫోన్‌లో మీ ప్రకటన కనబడింది. 90 రోజుల్లో 20 కిలోలు, గ్యారంటీ, తగ్గకపోతే డబ్బు వాపసు అని పెద్ద పెద్ద తెలుగు అక్షరాల్లో ఉంది. కింద బూడిద రంగులో సన్నగా ఏదో గీతలా ఉంటే పట్టించుకోలేదు. మొన్న మా అమ్మాయి స్క్రీన్‌షాట్ పెద్దది చేసి చూపిస్తే తెలిసింది, అది ఇంగ్లీషు వాక్యమని. ఫలితాలు మనిషిని బట్టి మారతాయని దాని అర్థమట. హామీ తెలుగులో, మెలిక ఇంగ్లీషులో. షరతు ఉంటే అది హామీ ఇచ్చిన భాషలోనే, అదే ఫాంట్‌లో ఉండాలని తప్పుదోవ పట్టించే ప్రకటనల గురించి కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీ వాళ్లకి ఇది తెలియదని నేను అనుకోను.

మొదటి వారం 2.4 కిలోలు తగ్గాను. గ్రూపులో అందరూ చప్పట్లు కొట్టారు. ఇదే స్పీడ్‌లో వెళ్తే పాతిక కూడా తగ్గుతారు మేడమ్ అని మీ కోచ్ మెసేజ్ పెట్టారు. అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే ఒంట్లో నిల్వ ఉన్న పిండిపదార్థమూ, దాన్ని అంటిపెట్టుకుని ఉన్న నీరూ ముందు పోతాయని, అందుకే మొదట్లో కాటా అంత దిగుతుందని, తర్వాత ఆ వేగం ఉండదని ఆ రోజే ఒక్క ముక్క చెప్పి ఉంటే నాకు ఇంత టెన్షన్ ఉండేది కాదు. నాలుగో వారం కాటా అస్సలు కదల్లేదు. గ్రూపులో వారం వారం పెట్టే పట్టికలో నా పేరు పక్కన ఎర్ర గుర్తు పడింది. అందులో మా ఊరివాళ్లు కూడా ఉన్నారు. దొంగతనంగా ఏమైనా తింటున్నారా మేడమ్ అని కోచ్ అందరి ముందూ అడిగారు. ఆయనకి మా అబ్బాయి కంటే రెండేళ్లు ఎక్కువ ఉంటాయేమో. ఆ రాత్రి ఏడ్చాను.

ఆరో వారం నుంచి 800 కేలరీల ప్లాన్ ఇచ్చారు. పొద్దున పాలు లేని కాఫీ, మధ్యాహ్నం కీరా ముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు, రాత్రికి మీ పౌడర్. చేరేటప్పుడు నా సుగర్ రిపోర్టు అడిగి తీసుకున్నారు కదా, ఆ ప్లాన్ ఇచ్చేముందు అది ఎవరైనా చూశారా? ఎనిమిదో వారంలో, మాఘమాసం పెళ్లిళ్ల బట్టలు మీద పడి ఉన్న రోజుల్లో, మిషన్ దగ్గర కళ్లు తిరిగాయి. కాలు పెడల్ మీదే ఉండిపోయింది. మోటారు మిషన్ కావడంతో సూది ఎడమ చూపుడు వేలి గోరులోంచి దిగి విరిగింది. ఎవరిదో పట్టు బ్లౌజు మీద రక్తం పడింది. ఆ గుడ్డ ఖరీదు నేనే కట్టుకున్నాను. వేలిలో ముక్క తీసిన డాక్టరు గారు మీ డైట్ చార్టు చూసి, ఇవాళ్టి నుంచే మానెయ్యమ్మా, కడుపుకి తిను అన్నారు. ఆ చీటీ కూడా జత చేస్తున్నాను.

మా అమ్మాయి నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. నా కొలతల పుస్తకం చివరి పేజీలో లెక్క వేసి చూపించింది. ఒక కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కేలరీల లోటు పడాలి. 20 కిలోలంటే 1,54,000. 90 రోజులకి పంచితే రోజుకి 1,700 పైచిలుకు. కూర్చుని కుట్టుకునే నాలాంటి దానికి, నడకతో కలిపి, రోజుకి అయ్యే ఖర్చే 1,900 దాకా ఉంటుంది. అంటే మీ మాట నెరవేరాలంటే నేను మూడు నెలల పాటు రోజుకి రెండు మూడు ఇడ్లీల మీద బతకాలి. ప్రకటన రాసిన వాళ్లు ఈ భాగహారం ఎప్పుడైనా చేశారా? తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మీ ఆఫీసు ఉన్న ఊళ్లోనే ఉంది. వారానికి అరకిలో తగ్గడం క్షేమమని, డైట్ 1,000 కేలరీల కిందికి పోకూడదని ఆ సంస్థ చెబుతోంది. ప్రొటీన్ పౌడర్లు వద్దని కూడా 2024 మార్గదర్శకాల్లో ఉంది. 90 రోజులంటే 13 వారాలు. వారానికి అరకిలో చొప్పున ఆరున్నర కిలోలు. నేను తగ్గింది సరిగ్గా అంతే.

ఆ తగ్గుదలలో ఎక్కువ భాగం డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాక నేను మామూలుగా తింటూ తెచ్చుకున్నదే. పూటకో కప్పు అన్నం, చిక్కగా పప్పు, ఏదో ఒక ఆకుకూర, రెండు గుడ్లు, పొద్దున్నే కాలవ కట్ట మీద 40 నిమిషాలు నడక. మీ వీడియోల్లో రబ్బరు బ్యాండ్లతో వ్యాయామాలు నేర్పిన అమ్మాయి చాలా బాగా చెప్పింది. మోకాలు నొప్పి ఉన్నవాళ్లు కుర్చీ పట్టుకుని ఎలా కూర్చుని లేవాలో ఆమె ఓపిగ్గా చూపించింది. అవి ఇప్పటికీ చేస్తున్నాను. ఆ మేరకు ఆమెకి నా ధన్యవాదాలు చెప్పండి.

నా వృత్తి కొలతలు తీయడం. నాలుగో వారంలో కాటా కదలనప్పుడు కూడా టేపు కదిలింది. ఆ వారంలోనే నడుము అంగుళం తగ్గింది. మీ కోచ్‌కి చెబితే, ఇంచులు కౌంట్ కావు మేడమ్, కిలోలు చెప్పండి అన్నారు. మొత్తం మీద నడుము 40 నుంచి 36.5కి, చెయ్యి కొలత 14.5 నుంచి 13.5కి వచ్చాయి. ఏడు బ్లౌజులు పక్క కుట్లు విప్పి లోపలికి వేసుకున్నాను. చంక కింద మడత ఇప్పుడు వేలెడు మందం ఉంది. పరగడుపు సుగర్ 118 నుంచి 102కి దిగింది. మేడ మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాను. వీటిలో ఒక్కటి కూడా మీ పట్టికలో లేదు.

ఏప్రిల్ 5న వచ్చిన మీ మెసేజ్‌లో ఉన్నది ఇది: టార్గెట్‌లో 33 శాతమే సాధించారు, కమిట్‌మెంట్ లోపం, డైట్ మధ్యలో ఆపినందుకు రీఫండ్ వర్తించదు, 9,999 కడితే ఇంకో 45 రోజులు పొడిగిస్తాం. కళ్లు తిరిగి పడబోయిన సంగతి మీకు అది జరిగిన రోజే రాశాను. దాన్ని కూడా నా లోపం కింద వేశారు.

ఫోటోల సంగతి. మొదటి ఫోటోకి వదులు నైటీ వేసుకోమన్నారు, పొట్ట బిగబట్టొద్దన్నారు, ట్యూబ్‌లైట్ కింద ఎదురుగా నిలబడమన్నారు. చివరి ఫోటోకి నల్ల కుర్తీ, పరగడుపున, కిటికీ వెలుగులో పక్కకి తిరిగి, ఊపిరి లోపలికి పీల్చి అన్నారు. ముదురు రంగు, నిలువు గీత, సరైన చోట డార్టు (ఒంటికి అమరేలా గుడ్డని మడిచి వేసే కుట్టు) పడితే మనిషి ఐదు కిలోలు తక్కువగా కనిపిస్తుందని నాకు బాగా తెలుసు. ఆ పని చేసుకుంటూనే నేను బతుకుతున్నాను. కానీ నేను కుట్టిన బట్ట వేసుకున్న మనిషికి, నువ్వు బరువు తగ్గావని ఎప్పుడూ చెప్పలేదు.

పెళ్లికూతుళ్లు నెల ముందు వచ్చి, ఆంటీ, రెండు అంగుళాలు తగ్గించి కుట్టండి, పెళ్లికి సన్నబడతాను అంటారు. నేను ఉన్న కొలతకే కుట్టి, తగ్గితే పట్టుకోవచ్చు తల్లీ, ముందు నువ్వు కడుపుకి తిను అంటాను. అలాంటి నేనే మొదటి వారం సంబరంలో మీ రిఫరల్ కోడ్ ఇద్దరు కస్టమర్లకి పంపించాను. ఒకమ్మాయికి 21 ఏళ్లు, 54 కిలోలు. ఆ పిల్లకి తగ్గాల్సిన అవసరమే లేదు. ఎత్తూ బరువూ అడిగి కూడా మీరు చేర్చుకున్నారు, అదే 800 ప్లాన్ ఇచ్చారు. నెలసరి రెండు నెలలు ఆగిపోయిందని వాళ్లమ్మ నా షాపుకి వచ్చి చెప్పింది. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. నాకు నిద్ర పట్టలేదు. నాకైతే ఈ నెలలో జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతోంది. ఒక్కసారిగా తిండి తగ్గించిన కొన్ని నెలలకి ఇలా అవుతుందని, మళ్లీ వస్తుందని డాక్టరు గారు ధైర్యం చెప్పారు.

అందువల్ల నేను కట్టిన మొత్తం 21,399 రూపాయలు, నా కోడ్ మీద చేరిన ఆ ఇద్దరి ఫీజులు వాపసు ఇవ్వండి. నా ఫోటోలు మీ దగ్గర నుంచి తొలగించి, తొలగించినట్టు రాసి పంపండి. 90 రోజులకి 20 కిలోలు అన్న ప్రకటన తీసేయండి. ఆ స్థానంలో వారానికి అరకిలో అని, టేపు కొలతలు, సుగర్, నిద్ర కూడా చూస్తామని తెలుగులో రాయండి. 800 కేలరీల ప్లాన్ మీద ఇప్పుడున్న వాళ్లందరికీ డాక్టరుని కలవమని ఈ వారంలోనే మెసేజ్ పెట్టండి. డబ్బు ఒక రోజు ఆలస్యమైనా ఓర్చుకుంటాను, ఈ మెసేజ్ మాత్రం ఆలస్యం చేయొద్దు.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 5 లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదు. కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి.

ఇట్లు,
జనవరి 5 బ్యాచ్ సభ్యురాలు,
లేడీస్ టైలర్, తెనాలి.

జత చేసినవి: ఫీజు, పౌడర్ల రసీదులు, ప్రకటన స్క్రీన్‌షాట్, 800 కేలరీల చార్టు, డాక్టరు చీటీ, సుగర్ రిపోర్టులు రెండు, కొలతల పుస్తకంలో పేజీ నకలు.