చావు బొమ్మలు – టోక్యో నుంచి నాన్నకు

నాన్నా,

మొన్న ఫోన్లో బొమ్మల సంగతి మొదలుపెట్టి, రైలు వచ్చేసిందని ఆపేశాను కదా, అది తీరిగ్గా చెప్పాల్సింది, అందుకే రాస్తున్నా.

ఇక్కడ జింబోచో అని మన కోఠిలా పాత పుస్తకాల పేట ఉంది. శనివారం ఒక షాపులో చెక్క అచ్చులతో కాగితం మీద వేసిన ఓ బొమ్మ కనిపించింది. లేత నీలం బట్టల్లో ఒకాయన, చేతిలో జపమాల, చూపు ఎటో. ఎవరో సన్యాసి అనుకున్నా. కాదట, కబుకి అని ఇక్కడి పాతకాలపు నాటకాల్లో నటుడట, పోయిన వెంటనే వేసి అమ్మిన బొమ్మట! వీటిని షినీ-ఎ అంటారు, అంటే చావు బొమ్మ అనే. ఆ లేత నీలం చావుకి గుర్తు. పక్కనే అక్షరాల్లో పోయిన తేదీ, వయసు, పోయాక పెట్టిన బౌద్ధ పేరు, సమాధి ఏ గుడిలో ఉందో, అన్నీ ఉంటాయి.

1854లో ఎనిమిదో ఇచికావా దంజూరో అనే నటుడు ఒసాకాలో ప్రాణం తీసుకున్నాడు, ముప్పై దాటీ దాటని వయసు, అందగాడు, ఎందుకలా చేశాడో ఈనాటికీ తేలలేదు. ఆయన ఒక్కడి మీదే 200కి పైగా బొమ్మలు వచ్చాయి. కొన్నిట్లో నిర్యాణం పొందుతున్న బుద్ధుడిలా పడుకుని ఉంటాడు, చుట్టూ ఆడవాళ్లు గొల్లుమని ఏడుస్తుంటారు. అభిమానమా వ్యాపారమా అంటే రెండూ. ఒక్కో రంగుకి ఒక్కో చెక్క చెక్కాలి, అయినా ఎవరు ముందు అమ్ముతారా అని పోటీ, ఆ తొందరలో తేదీలు, వయసులు తప్పులు పడేవి, చాలా వాటి మీద చిత్రకారుడి సంతకమే ఉండదు. మన సెంటర్లో తెల్లారేసరికి లేచే అశ్రునివాళి ఫ్లెక్సీలు గుర్తొచ్చి నవ్వొచ్చింది, షాపాయన ఏమనుకున్నాడో.

కానీ బయటికొచ్చాక మన నక్షత్రకుడు మావయ్యే గుర్తొచ్చాడు. ముప్పై ఏళ్లు ఆ వేషం కట్టినాయన పోతే, వేషంలో ఉన్న ఫొటో ఒక్కటీ దొరక్క, ఓటరు కార్డు మీది బొమ్మ పెద్దది చేయించి దండ వేశారు కదా. అందులో ఆయన ఎవరో గుమాస్తాలా ఉన్నాడు. నువ్వు హార్మోనియం వాయించిన రోజుల ఫొటోలు అటక మీద ఆకుపచ్చ ట్రంకు పెట్టెలో ఉండాలి, ఒకసారి చూడు నాన్నా. వెనక వరసలో అయినా మావయ్య ఉంటే వాట్సాప్‌లో పంపు, మసకగా ఉన్నా ఫర్వాలేదు. నువ్వు మాత్రం అటకెక్కకు, తమ్ముణ్ణి ఎక్కమను.

నీ చిన్ని