వాణిజ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: తిరస్కరించిన ముక్కను వెనక్కి పంపమనండి

అయ్యా,

విడిభాగాల సరఫరాదారులమైన మా ఇదివరకటి వినతులన్నిటికీ ‘పరిశీలనలో ఉంది’ అనే జవాబే వచ్చింది. పరిశీలన అంత లోతుగా సాగుతున్నందుకు సంతోషం. సరఫరాదారుల శిక్షణ పథకం గురించి తమకు వేరే చెప్పనక్కర్లేదు. కొనేవారూ అమ్మేవారూ కలిసి నేర్చుకోవాలని అందులోనే రాశారు. ఆ కలవడం ఒక్కటే జరగలేదు.

జరుగుతున్నది ఇదీ. విదేశీ కొనుగోలుదారు లాటు మొత్తం తిరస్కరిస్తాడు. కారణం ఒక్క ముక్కలో: ‘సైజు తక్కువ’. తప్పిన భాగం రాదు. ఎక్కడ పట్టుకుని, దేనితో, ఎంత ఉష్ణోగ్రతలో కొలిచారో చెప్పరు. లోపానికి మూలకారణం, దిద్దుబాటు ఎనిమిది దశల్లో రాసే 8డి నివేదిక మాత్రం గడువులోగా అందాలి. కంటితో చూడని లోపానికి మూలకారణం ఎక్కడ దొరుకుతుంది? ‘ఆపరేటరుకు మళ్లీ శిక్షణ ఇచ్చాం’ అని మేం రాసి పంపుతాం, అవతల ఫైలు మూసేస్తారు. ఓడ ప్రయాణానికి నెల పట్టే చోట, ఫిర్యాదు అందేసరికి అదే తప్పున్న సరుకు ఇంకా సముద్రం మీదే ఉంటుంది.

చాలాసార్లు అది తప్పు కూడా కాదు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కొలత 20 డిగ్రీల దగ్గర చూడాలి. మా వర్క్‌షాపులో 32 ఉంటుంది. 100 మిల్లీమీటర్ల అల్యూమినియం భాగం ఆ తేడాకి దాదాపు 28 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సాగుతుంది. కొలిచే ఉక్కు గేజీ కూడా సాగుతుంది కాబట్టి సగం కనబడదు, 14 మైక్రాన్లు మిగులుతాయి. టాలరెన్స్, అంటే అనుమతించే తేడా, ప్లస్ ఆర్ మైనస్ 10 మైక్రాన్లు అయితే, ఇక్కడ సరిగ్గా నడిమికి వచ్చిన ముక్క అక్కడ చల్లటి గదిలో సీఎంఎం అనే కొలత యంత్రం మీద ఫెయిల్. ఇద్దరి రీడింగూ నిజమే! ఒకే మాస్టర్ పీసును (నమూనా ముక్కను) ఇద్దరూ కొలిచి, అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే తేలిపోయే సంగతి ఇది. భాగం తయారీకి కొనుగోలుదారు ఇచ్చే పీపీఏపీ ఆమోదానికి ముందే ఆ పని చేయించాలి. మీ శిక్షణలో మాత్రం హాల్లో కూర్చోబెట్టి కారణాలను కొమ్మలుగా చూపే చేపముల్లు పటం గీయిస్తారు, సర్టిఫికెట్ ఇస్తారు.

టయోటా సరఫరాదారులు 1970ల నుంచే జిషుకెన్ (స్వయం అధ్యయన) బృందాలుగా ఒకరి ఫ్యాక్టరీలో ఒకరు దిగి లోపాలు వెతుకుతున్నారు. 1997లో టయోటా సరఫరాదారు ఐసిన్ ప్లాంటు అగ్నిప్రమాదంలో కాలిపోయి, బ్రేకు వాల్వుల సరఫరా ఆగిపోయినప్పుడు, డ్రాయింగులు అందుకున్న ఇతర సంస్థలు కొద్ది రోజుల్లోనే వాటిని తయారు చేసి ఇచ్చాయి. ఆ అలవాటు సర్టిఫికెట్లతో వచ్చింది కాదు.

దయచేసి, తిరస్కరించిన భాగాన్ని కొలత షీటుతో సహా వెనక్కి పంపాలని నిబంధన పెట్టండి. కొనుగోలుదారు ఇంజనీరు షాపులోకి వచ్చి నిలబడేలా చూడండి. హాలు అద్దెకు పెట్టే డబ్బు ఆయన ప్రయాణానికి ఇవ్వండి. తిరస్కరించిన భాగం మాత్రం పంపించండి, అయ్యా.

ఇట్లు,
విడిభాగాల సరఫరాదారులు