వర్క్ పర్మిట్ వచ్చేదాకా తిండి మాటేమిటి?

సంపాదకులకు నమస్కారం.

విజిటర్ వీసా మీద కెనడాలో దిగి శరణార్థిగా క్లెయిమ్ వేస్తే వారంలో పని దొరుకుతుందన్న ఏజెంట్ల మాట బరంపురం, పర్లాకిమిడి, రాయగడ కుటుంబాలు నమ్మవద్దు.

క్లెయిమ్ కెనడా వలస శాఖ (ఐఆర్‌సీసీ) ఆన్‌లైన్ పోర్టల్‌లో వేయాలి. వర్క్ పర్మిట్ కావాలని అందులోనే అడగాలి, ఫీజు లేదు. అక్కడ అడగకపోతే మళ్లీ వేరే దరఖాస్తు పెట్టుకోవాలి. తర్వాత వేలిముద్రలు, ఫొటో. వైద్య పరీక్షకు కాగితం అందాక 30 రోజుల్లో, ఐఆర్‌సీసీ గుర్తించిన డాక్టరు దగ్గరే చేయించుకోవాలి. ఖర్చు శరణార్థులకోసం అక్కడి కేంద్ర ప్రభుత్వం నడిపే వైద్య పథకం ఐఎఫ్‌హెచ్‌పీ భరిస్తుంది. 2022 నవంబరు 16 నుంచి క్లెయిమ్ అర్హత తేలకముందే పర్మిట్ ఇస్తున్నారు గానీ, పరీక్ష పూర్తి కానిదే ఫైలు కదలదు. తలదాచుకునే షెల్టరు మారితే కొత్త చిరునామా ఐఆర్‌సీసీకీ, క్లెయిమ్ మీద తీర్పు చెప్పే శరణార్థి బోర్డుకూ విడివిడిగా చెప్పాలి. లేకుంటే ఉత్తరాలు పాత గుమ్మానికే పోతాయి. పర్మిట్ వచ్చాక కూడా పనికి తప్పనిసరైన, 9తో మొదలయ్యే సిన్ నంబరు (సామాజిక బీమా సంఖ్య) తీసుకోవాలి.

క్లెయిమ్ వేశాక పర్మిట్ వచ్చేలోపే పస్తులు. ఐఎఫ్‌హెచ్‌పీ వైద్యానికి మాత్రమే, తిండికి కాదు. టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్రంలో ఒంటరి మనిషికి ప్రభుత్వ సాయం నెలకు గరిష్ఠంగా 733 డాలర్లు. అందులో అద్దెకు 390. టొరంటోలో ఆ డబ్బుకి గది దొరకడం గగనం. తిండికీ బస్సుకీ ఫోనుకీ ఇచ్చిన 343లోంచే అద్దెకు తీయాలి, ఇక ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్‌బ్యాంకు వరుసే గతి. పర్మిట్ లేకుండా చేతికి డబ్బిచ్చే పనికి పోతే చట్టవిరుద్ధం. కూలి ఎగ్గొట్టినా అడగడానికి భయం.

నిజంగా ప్రాణభయంతో పారిపోయినవాళ్లదీ ఇదే అవస్థ. రెక్కాడించగల మనిషిని కాగితం కోసం పస్తు పెట్టడం అన్యాయం. పరీక్ష ముగిసిన వెంటనే పర్మిట్ ఇవ్వడం ఆ ప్రభుత్వం చేయాల్సిన పని.

ఆ భయం లేనివాళ్లు క్లెయిమ్ వేయనే కూడదు. పాస్‌పోర్టు కెనడా అధికారుల దగ్గరే ఉండిపోతుంది, క్లెయిమ్ కొట్టేస్తే దేశం విడిచి పొమ్మంటారు. అవసరమైనవాళ్లు ముందు న్యాయసహాయ సంస్థ లీగల్ ఎయిడ్ ఒంటారియోను అడగాలి, లాయరు ఖర్చు అది భరించే వీలుంది. డబ్బు తీసుకుని సలహా చెప్పేవాళ్లకు అక్కడ లైసెన్సు తప్పనిసరి. లైసెన్సు ఉన్న వలస కన్సల్టెంట్ల పేర్లు, ఆ లైసెన్సులిచ్చే సంస్థ (దాన్నే ‘కాలేజీ’ అంటారు) వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. అందులో లేని ఏజెంటు చేతిలో తల్లిదండ్రులు ఒక్క రూపాయి పెట్టవద్దు. ఆ డబ్బే పిల్లల తొలి నెలల బియ్యానికీ అద్దెకూ పంపండి.

ఇట్లు,
బరంపురం, పర్లాకిమిడి పాఠకులు