టెట్ ఫలితాలను బీఈడీ చదువుతో కలిపి చూడాలి

సంపాదకులకు,

అయ్యా,

ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్) ఫలితాలు వెలువడిన ప్రతిసారీ ఎంతమంది రాశారు, ఎంతమంది గట్టెక్కారు అన్న రెండు అంకెలతో వార్త ముగిసిపోతుంది. గట్టెక్కినవారికి డిగ్రీలో ఎన్ని మార్కులు వచ్చాయి, బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్‌లో ఏ ర్యాంకుతో చేరారు, ఏ కళాశాలలో బీఈడీ చేశారు, వారిలో ఎందరు చివరకు ప్రభుత్వ ఉపాధ్యాయ నియామక పరీక్ష డీఎస్సీలో కొలువు సంపాదించారు అన్నది ఎక్కడా కనిపించదు. ఇరవై ఏళ్లకు పైగా బీఈడీ విద్యార్థులకు పాఠాలు చెప్పి విరమణ పొందిన నన్ను ఆ చదువుకూ, టెట్, డీఎస్సీ ఫలితాలకూ సంబంధం ఎంత అన్న ప్రశ్న ఇప్పటికీ వదలడం లేదు కనుక, మీ పత్రిక ద్వారా రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖల ముందు ఉంచుతున్నాను.

విద్యాహక్కు చట్టాన్ని అనుసరించి జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2010 ఆగస్టు 23న టెట్‌ను తప్పనిసరి చేసింది. మన రాష్ట్రాల్లో 150 మార్కుల ఈ పరీక్షలో ఓసీ అభ్యర్థులకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ అభ్యర్థులకు 60 మార్కులు వస్తే అర్హత లభిస్తుంది. డీఎస్సీ ఎంపికలో రాతపరీక్షకు 80 శాతం, టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉంది. అంటే టెట్‌లో ఏడున్నర మార్కులు డీఎస్సీలో ఒక మార్కుతో సమానం. ఒక్కసారి అర్హత సాధిస్తే జీవితాంతం చెల్లుతుందని 2021లో ప్రకటించినా, అభ్యర్థులు మళ్లీ మళ్లీ టెట్ రాసేది ఆ ఒకటి రెండు మార్కుల కోసమే. ఈ మొత్తం లెక్కలో రెండేళ్ల బీఈడీలో వచ్చిన మార్కులకు చోటే లేదు.

చోటు లేకపోవడాన్ని నేను తప్పుపట్టను. నేను పనిచేసిన కళాశాలలో ఇంటర్నల్ మార్కులు తరగతి మొత్తానికి ఇంచుమించు ఒకేలా ఉండేవి. లెసన్ ప్లాన్లు, రికార్డులు స్వయంగా రాసినవారికీ, పాతవాటిని చూసి ఎక్కించినవారికీ తేడా కనిపించేది కాదు. అందరికీ ఒకేలా వేసిన మార్కులు ఎవరు నెగ్గుతారో ఎలా చెప్పగలవు? ఆ మార్కులు అలా ఉండడానికి నా వంటి అధ్యాపకులదీ బాధ్యతే. టీచింగ్ ప్రాక్టీస్‌లో పిల్లల ముందు నిలబడి చక్కగా పాఠం చెప్పిన విద్యార్థి టెట్‌లో తప్పడం, తరగతి గదిలో నోరు పెగలని విద్యార్థి అదే టెట్‌లో 120 దాటడం కూడా నేను చూశాను.

నా అనుభవంలో టెట్ ఫలితాన్ని ముందుగా సూచించింది బీఈడీ కంటే ఇంటర్, డిగ్రీల్లో తీసుకున్న గ్రూపు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు బోధించేవారు రాసే పేపర్-2లో గణితం, సైన్సు కలిపి 60 మార్కులకు ఉంటాయి. బైపీసీ చదివి బయాలజీ మెథడ్‌తో (బోధనా సబ్జెక్టుగా) బీఈడీ చేసిన అమ్మాయి పదో తరగతి తర్వాత గణితం ముట్టుకుని ఉండదు, అయినా అందులో 30 మార్కులకు గణితమే రాయాలి. తెలంగాణలో భాషా పండితుల పరిస్థితి ఇంకా కష్టం. తెలుగు తప్ప మరొకటి బోధించబోని అభ్యర్థి కూడా గణితం-సైన్సో, సోషలో ఎంచుకుని 60 మార్కులకు రాయవలసిందే. పరీక్షలో ఐదింట రెండు వంతులు అతను ఎన్నడూ చెప్పని పాఠాల మీదే ఉంటే, తప్పినప్పుడు అతని తెలుగు పాండిత్యాన్ని శంకించడం న్యాయం కాదు.

తెలంగాణలో 2024 వేసవిలో జరిగిన టెట్‌లో ఒకటి నుంచి ఐదో తరగతి వరకు బోధించేవారి పేపర్-1 రాసినవారిలో 67 శాతం అర్హత సాధిస్తే, పేపర్-2లో 34 శాతమే సాధించారు. ఇంత తేడాకు ప్రశ్నపత్రం కారణమా, అభ్యర్థుల పూర్వపు చదువు కారణమా, శిక్షణ కళాశాలలా? విడివిడిగా పడి ఉన్న రికార్డులను ఒకచోట కలపకుండా దీనికి జవాబు దొరకదు.

ఇక ఉద్యోగం సంగతికి వస్తే, చదువు కంటే క్యాలెండర్‌దే పైచేయి. తెలంగాణలో 2017లో 8,792 పోస్టులకు టీఆర్టీ (డీఎస్సీకి అప్పటి పేరు) ప్రకటించిన తర్వాత, 2023 నాటి 5,089 పోస్టుల నోటిఫికేషన్ రద్దై, 2024లో గానీ 11,062 పోస్టులకు డీఎస్సీ జరగలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ పెద్ద నియామకం 2025లో 16,347 పోస్టుల మెగా డీఎస్సీయే. 2019లో బీఈడీ ముగించిన బ్యాచ్‌కు అయిదారేళ్లు దారే లేదు. ఆ ఏళ్లలో ఎవరు నిలిచారు? ఊరు వదిలి అవనిగడ్డలోనో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో గది తీసుకుని నెలల తరబడి కోచింగ్‌కు వెళ్లగలిగినవారు నిలిచారు. ప్రైవేటు బడిలో కొద్దిపాటి జీతానికి కుదిరినవారు, పెళ్లయి పిల్లల్ని పెంచుతున్న మహిళలు చాలామంది పుస్తకాలు అటకెక్కించారు. నా విద్యార్థినుల్లో అలా ఆగిపోయినవారి ముఖాలు నాకు ఇంకా గుర్తున్నాయి, వారు తక్కువ తెలివైనవారు కారు. అందుచేత కళాశాలల ఉద్యోగ ఫలితాలను పోల్చేటప్పుడు ఏ బ్యాచ్‌కు ఎన్ని నోటిఫికేషన్లు అందాయో లెక్కలోకి తీసుకోకపోతే ఆ పోలికకు అర్థం ఉండదు.

నేను కోరుతున్నది ఖర్చుతో కూడిన పని కాదు. ఎడ్‌సెట్ ర్యాంకులు ఉన్నత విద్యామండలి దగ్గర, బీఈడీ మార్కులు విశ్వవిద్యాలయాల దగ్గర, టెట్, డీఎస్సీ మార్కులు పాఠశాల విద్యాశాఖ దగ్గర ఇప్పటికే ఉన్నాయి. పేర్లు తొలగించి వాటిని జతచేసి, కళాశాలల వారీగా, సబ్జెక్టుల వారీగా, తొలి ప్రయత్నంలో నెగ్గినవారిని వేరుగా చూపుతూ ఏటా ప్రకటించాలి. చివరి ర్యాంకులవారిని చేర్చుకునే పల్లె కళాశాలను నగరంలోని విశ్వవిద్యాలయ కళాశాలతో నేరుగా పోల్చి చెడ్డపేరు అంటగట్టకూడదు. చేరినప్పుడు విద్యార్థి ఎక్కడ ఉన్నాడు, ముగించినప్పుడు ఎక్కడికి చేరాడు అన్న తేడానే కళాశాల చేసిన పనికి కొలత. టెట్ తప్పినవారు డీఎస్సీకి రానే రారు కాబట్టి, డీఎస్సీ రాసినవారి మార్కులు మాత్రమే చూసి టెట్‌కు విలువ లేదని తేల్చడమూ పొరపాటే.

జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ 2012లో ఉపాధ్యాయ శిక్షణ లోపాలను ఎత్తిచూపింది. 2015 నుంచి బీఈడీని రెండేళ్లు చేశారు. ఆ రెండో ఏడు పేద కుటుంబాల మీద మోపిన ఫీజులకు, కాలానికి తగ్గ ఫలితం టెట్ మార్కుల్లో కనిపించిందా? ఏడాది బీఈడీ చేసినవారూ, రెండేళ్లది చేసినవారూ ఒకే టెట్ రాశారు కనుక ఇది తేలికగా తేలే లెక్క. పదవీ విరమణకు అయిదేళ్లకు మించి గడువున్న ఉపాధ్యాయులు రెండేళ్లలో టెట్ నెగ్గాలని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న తీర్పునిచ్చింది. ఏళ్ల తరబడి బడిలో మంచిపేరు తెచ్చుకున్న పంతుళ్లు కూడా ఇప్పుడు పుస్తకాలు పట్టుకుని కూర్చుంటున్నారు. టెట్ మార్కుకూ మంచి బోధనకూ ఎంత సంబంధం ఉందో పరిశీలించడానికి ఇంతకంటే తగిన సమయం ఉండదు.

మొదటి అడుగుగా, రాబోయే టెట్ దరఖాస్తులో ఎడ్‌సెట్ హాల్‌టికెట్ నంబరుకు ఒక గడి, బీఈడీ రిజిస్టర్ నంబరుకు మరొక గడి చేర్చవలసిందిగా రెండు రాష్ట్రాల విద్యాశాఖలను కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత బీఈడీ అధ్యాపకుడు,
మిర్యాలగూడ