ఎంత పెద్ద హైస్కూలైనా ఖోఖో జట్టుకు తొమ్మిది మందే

సంపాదకులు గారికి నమస్కారం.

పిల్లలు తక్కువున్న బడుల్ని పెద్ద బడుల్లో కలిపే విలీనం గురించి మీ పత్రికలో వస్తున్న ఉత్తరాలు చదువుతున్నాను. దూరం గురించి, టీచర్ పోస్టుల గురించి చాలామంది రాస్తున్నారు, అవసరమే. కానీ బడి పెద్దదైతే లోపల పిల్లోళ్లకు ఏమవుతుందో రాసినవాళ్లు తక్కువ. నేను అనంతపురం జిల్లాలో డ్రిల్ మాస్టరుగా చేసి రిటైరైనవాణ్ని. మార్కుల సంగతి లెక్కల సార్లు చెప్తారు, నేను గ్రౌండులో చూసింది చెప్తాను.

మండల పోటీలకు ఒక్కో బడి నుంచి ఆటకు అండర్-14 జట్టు ఒకటి, అండర్-17 జట్టు ఒకటి పోతాయి. ఖోఖోలో దిగేది తొమ్మిది మంది, కబడ్డీలో ఏడుగురు, వాలీబాల్‌లో ఆరుగురు. వంద మంది చదివే పల్లె హైస్కూల్లో ఆడపిల్లలు యాభై మంది ఉంటారనుకుందాం. వాళ్లతోనే ఈ జట్లన్నీ కట్టాలి కాబట్టి పరుగెత్తగలిగిన ప్రతి పిల్లనూ బతిమాలాల్సిందే, ‘నాకు రాదు సార్’ అన్న పిల్లకు కూడా ‘వచ్చినంత ఆడుదువులే రామ్మా’ అని చెప్పి వాళ్లమ్మతో కూడా మాట్లాడి తీసుకుపోయేవాళ్లం, అట్లా తప్పక వచ్చినవాళ్లలోనే తర్వాత జిల్లా జట్టుకు ఆడినవాళ్లూ ఉన్నారు. పదిహేను వందల మంది ఉన్న టౌన్ హైస్కూల్లోనూ జట్టుకు ఆ తొమ్మిది మందే. అక్కడ పీఈటీ, అంటే డ్రిల్ మాస్టరు, ముందే ఆట వచ్చినవాళ్లను ఏరుకుంటాడు, ఆయన్ను అనడానికేం లేదు, కప్పు తేకపోతే హెచ్ఎం ఊరుకోడు కదా. మిగిలిన వాళ్లు గోడెక్కి కూర్చుని ఈలలేస్తారు.

పొద్దున ప్రార్థన దగ్గరా ఇదే వరస. ప్రతిజ్ఞ చెప్పించడానికి, వార్తలు చదవడానికి చిన్న బడిలో వంతులు తిరిగి తిరిగి అందరి దగ్గరికీ వస్తాయి. పెద్ద బడిలో గొంతు బాగున్న ముగ్గురు నలుగురు ఆడపిల్లలే ఏడాదంతా మైకు దగ్గర ఉంటారు. పదో తరగతి దాటి పోయేదాకా ఒక్కసారి కూడా మైకు ముందు నిలబడని పిల్లలు ఆ బడుల్లో వందల మంది ఉంటారు.

ఇది మా జిల్లా గొడవే అనుకుంటే పొరపాటు. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో బార్కర్, గంప్ అనే ఇద్దరు పరిశోధకులు చిన్నా పెద్దా హైస్కూళ్లు తిరిగి చూసి 1964లో ఇదే రాశారు: పిల్లల సంఖ్య పెరిగినంతగా ఆటలూ, నాటకాలూ, బాధ్యతలూ పెరగవు, అందుకే చిన్న బడి పిల్లల మీద ఎక్కువ పనులు పడతాయి. దానికి ఐదేళ్ల ముందే అదే దేశంలో కోనంట్ అనే పెద్దాయన ఇంకో మాట చెప్పాడు. చివరి తరగతిలో వంద మంది అయినా లేని హైస్కూలు అన్ని సబ్జెక్టులూ సరిగా చెప్పలేదని ఆయన వాదన.

ఆయన మాటా కొట్టిపారేయలేం. చిన్న బడిలో ఫిజికల్ సైన్స్ సార్ బదిలీ అయిపోతే ఆ ఏడాది సైన్సు దేవుడి దయ. ఎన్‌సీసీ ఉండదు, లైబ్రరీ అంటే ఒక బీరువా, తాళం ఎవరి దగ్గరుందో తెలియదు. ఇంకోటి ఉంది, దీన్ని మనోళ్లు బయటికి చెప్పరు. పల్లె బడిలో ఆ పిల్లోడు ఫలానా వాడకట్టు, ఫలానా వాళ్ల కొడుకు అని మొదటి రోజే అందరికీ తెలుసు, వాడు ఏం చేసినా ఆ కంటితోనే చూస్తారు. అదే పిల్లోడు టౌన్‌కు పోతే ఎవరి కొడుకో ఎవరికీ పట్టదు, వాడికి అది చాలా పెద్ద ఊరట. అలాంటివాళ్లను నేను చూశాను, వాళ్లను మళ్లీ పల్లె బడికి పొమ్మని చెప్పను.

చిన్నగా చేస్తే చాలు అంతా బాగైపోతుందనీ అనను. బిల్ గేట్స్ వాళ్ల ఫౌండేషన్ పెద్ద హైస్కూళ్లను చిన్నవిగా విడగొట్టడానికి బోలెడు డబ్బు పోసింది, కానీ వాటిలో చాలా బడుల్లో చదువు అనుకున్నంత మెరుగు కాలేదని ఆయనే 2009లో రాసుకున్నాడు.

మన దగ్గర 2022లో జీవో 117తో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని దగ్గర్లో ఉన్న హైస్కూళ్లలో కలిపారు. మారిన ప్రభుత్వం 2025లో దాన్ని రద్దు చేసి కొత్త జీవోలు తెచ్చింది. ఎవరొచ్చినా హాజరు పట్టీలో సంఖ్యే చూస్తున్నారు, ఇంతమందికి ఇన్ని పోస్టులు, అంతకన్నా తక్కువుంటే కలుపు. ఎనిమిదేళ్ల పిల్లోణ్ని తీసుకుపోయి పదో తరగతి మగపిల్లల గుంపులో కలిపితే మధ్యాహ్నం అన్నం లైన్లో ఏమవుతుందో ఒకసారి ఎవరైనా నిలబడి చూశారా?

ఉన్న పెద్ద బడుల్ని పగలగొట్టమని అడగడం లేదు. ఆరులో ఒక సెక్షన్‌కు క్లాస్ టీచర్‌గా వచ్చిన వాళ్లను పది దాకా అదే పిల్లలతో ఉంచితే అంత పెద్ద బడిలోనూ ఆ నలభై మందికి తెలిసిన మనిషి ఒకరుంటారు. సెక్షన్‌కో జట్టు పెట్టి బడిలోనే పోటీలు జరిపితే తొమ్మిది మంది కాస్తా రెండు మూడు వందల మంది అవుతారు, ఖర్చు నాలుగు బంతులు, ఒక సున్నం బస్తా. పదో తరగతి వాళ్ల డ్రిల్ పీరియడ్‌ను స్టడీ అవర్ పేరుతో లాక్కోవడం మాత్రం ఆపాలి. పల్లె బడుల్లో సార్లు చాలకపోతే పక్క పక్క రెండు బడులకు ఒకే సైన్సు సార్‌ను వేసి పెట్రోలు డబ్బులివ్వండి. పిల్లలు ఎండలో రోడ్డు పట్టుకుని నడిచే బదులు ఆయన బండి మీద తిరగడం సులువు.

ఏటా ప్రతి బడీ తన వివరాలు ప్రభుత్వానికి నింపి పంపే యూడైస్ ఫారంలో మరుగుదొడ్లెన్ని, కంప్యూటర్లెన్ని అని అడుగుతారు. మన రాష్ట్రం సొంతంగా ఇంకో గడి పెట్టి, ఈ ఏడాది ఈ బడిలో ఎంతమంది పిల్లలు ఆటలో గానీ స్టేజీ మీద గానీ ఒక్కసారైనా దిగారో హెచ్ఎంల చేత రాయించాలి, ఏ బడిని కలపాలో తేల్చే ముందు ఎంఈవో ఆ గడి కూడా చూడాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
అనంతపురం.