డొమైన్ ఎవరి పేరున ఉంది?

సంపాదకులకు,

వెబ్‌సైట్లు తయారుచేయడం నా వృత్తి. వచ్చేవారు రంగుల గురించి, బొమ్మల గురించి గంటల తరబడి చర్చిస్తారు. డొమైన్ పేరు, అంటే సైటు చిరునామా, దగ్గరికి వచ్చేసరికి ‘ఏదో ఒకటి మీరే పెట్టేయండి’ అంటారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. డాట్ కామ్ పేరు ఎవరికీ శాశ్వతంగా దక్కదు. ఒక విడతలో గరిష్ఠంగా 10 ఏళ్లకే నమోదు చేస్తారు, గడువు తీరేలోగా పొడిగించుకోవాలి. నమోదులో రిజిస్ట్రెంట్‌గా, అంటే ఆ పేరు తీసుకున్నవారిగా, ఎవరుంటే హక్కు వారిది. మొన్న ఒక సంస్థవారు తమ డొమైన్‌ను వేరే నమోదు కంపెనీకి మార్చమని వచ్చారు. తీరా చూస్తే నమోదు ఎప్పుడో మానేసిన ఉద్యోగి పేరున ఉంది, ఈమెయిలూ అతనిదే. ఆ మార్పుకు కావలసిన రహస్య సంకేతం, అంటే బదిలీ కోడ్, కోసం అతని కాళ్లావేళ్లా పడాల్సి వచ్చింది.

పేరు ఎంపికకు నా పరీక్ష ఒకటే: ఫోనులో ఒక్కసారి చెబితే అవతలివారు తప్పులేకుండా టైపు చేయగలగాలి. చుక్కకు ముందు 63 అక్షరాల వరకు అనుమతి ఉంది కదా అని సాగదీయకండి. హైఫన్లు అసలే వద్దు. మొదటి ఏడాది కారుచౌక అనే ప్రకటన చూసి మురిసిపోయే ముందు, రెండో ఏడాది రుసుము ఎంతో చదవండి. అది చిన్న అక్షరాల్లో ఉంటుంది.

– ఒక వెబ్ డిజైనర్