బడి మైదానాల తాళాలు తీయండి

సంపాదకుల వారికి,

నమస్కారములు. మధుమేహం, రక్తపోటు గురించి మీ పత్రికలో వచ్చే కథనాలను కత్తిరించి దాచుకునే పాఠకుల్లో నేనొకరిని. దేశంలో 10.1 కోట్ల మంది మధుమేహంతో ఉన్నారని, మరో 13.6 కోట్ల మంది దాని గుమ్మం దాకా వచ్చి ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో వెల్లడించిన నాటి నుంచి ఇటువంటి కథనాలు పెరిగాయి. వాటన్నిటిలోనూ వైద్యులు చెప్పే మాట ఇంచుమించు ఒకటే: అన్నం తగ్గించండి, ఉప్పు తగ్గించండి, రోజూ అరగంట నడవండి. మొదటి రెండూ వంటింటి పనులు, ఎవరి ఇంట్లో వారు చేసుకోవచ్చు. మూడోది గడప దాటితే గాని జరగదు, గడప దాటాక ఏముందో ఎవరూ రాయడం లేదు. అందుకే ఈ లేఖ.

వంటింటి సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే అక్కడ మేము చేయగలిగింది చేశాము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలలో మనిషికి రోజుకు 5 గ్రాములకు మించి ఉప్పు కూడదని ఉంది. మేమెంత తింటున్నామో తెలుసుకోవాలని 2025 కనుమ నాడు విప్పిన కిలో ఉప్పు ప్యాకెట్ మీద తేదీ రాసిపెట్టాను. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. శివరాత్రి నాటికి, అంటే నలభై రెండు రోజులకు, ప్యాకెట్ ఖాళీ అయింది. మనిషికి రోజుకు దాదాపు 12 గ్రాములన్నమాట. చుట్టుపక్కల పంచిన పులిహోర, రథసప్తమికి వచ్చిన బంధువుల భోజనాలు తీసేసినా లెక్క పెద్దగా మారదు, పైగా జాడీలోని ఆవకాయ ఉప్పు ఇందులో చేరనే లేదు. ఆ తరువాత పెరుగన్నంలో ఉప్పు మానేశాము, ఆవకాయను ఆదివారానికి పరిమితం చేశాము. ఇప్పుడు అదే ప్యాకెట్ డెబ్బై రోజులు వస్తోంది. అంటే 7 గ్రాములు. ఐదుకు ఇంకా దిగలేదు, అయినా నాలుక అలవాటు పడింది.

అన్నం విషయంలో మా వారికి నేను చెప్పింది ఒక్కటే. ఇన్నాళ్లూ కూర నంజుకుని అన్నం తిన్నాము, ఇక అన్నం నంజుకుని కూర తిందాము. ధాన్యాల నుంచి వచ్చే శక్తి రోజు మొత్తం శక్తిలో 45 శాతం దాటకూడదని ఆ మార్గదర్శకాలే చెబుతున్నాయి. మూడు పూటలా బియ్యం ఏదో రూపంలో, ఇడ్లీగానో అన్నంగానో అట్టుగానో, తినే మన జిల్లాలలో ఆ హద్దులో ఉండేవారు ఎందరో లెక్క వేసుకోవచ్చు. తోటకూర పప్పు, గోంగూర, బీరకాయ, చిక్కుడుకాయ కొత్తగా కొనుక్కోవలసిన ఖరీదైన తిండ్లు కావు. పళ్ళెంలో చోటు మార్చుకుంటే చాలు. దీనికి ప్రభుత్వం చేయవలసింది కూడా పెద్దగా లేదు.

నడక అలా కాదు. వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శారీరక శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది, అంటే వారంలో ఐదు రోజులు అరగంట చొప్పున వేగంగా నడవాలి. మా ఇంటి నుంచి బయలుదేరితే ప్రధాన రహదారి పక్కన కాలిబాట అని పిలిచేది ఒకటి ఉంది. దాని మీద మొదట ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె వస్తుంది, తరువాత ఒక మందుల దుకాణం మెట్లు, ఆపైన వరుసగా నిలిపిన మోటారు సైకిళ్లు, ఆ చివర మురుగుకాలువ మీది పలక విరిగిన గుంత. దాన్ని దాటాక టిఫిన్ బండి ఉంది, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఆ అమ్మాయికి బతుకుతెరువు కావాలి, ఎక్కడో ఒక చోటు కేటాయించవలసిన బాధ్యత 2014 నాటి వీధి వ్యాపారుల చట్టమే పురపాలక సంఘాల మీద పెట్టింది. ఇన్ని అడ్డంకుల మధ్య నడిచేవారు రోడ్డు మీదికి దిగక తప్పదు. తెల్లవారుజామున ఆ రోడ్డు మీద ఇసుక లారీలు తిరుగుతాయి, సందుల్లోకి మళ్లితే కుక్కలు వెంటపడతాయి. కాలిబాట మీద అడ్డులేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలని రహదారుల ఇంజనీర్ల సంస్థ అయిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాలు చెబుతుండగా, పాదచారులకు కాలిబాట అన్నది రాజ్యాంగం 21వ అధికరణం కింద ప్రాథమిక హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మేలో స్పష్టం చేసింది. మా ఊరి కాలిబాటకు ఆ సంగతి ఇంకా చేరలేదు.

ఆడవాళ్ల పరిస్థితి మరీ ఇబ్బందికరం. 2022 నాటికి భారతదేశంలో వయోజన స్త్రీలలో 57 శాతం మంది, పురుషులలో 42 శాతం మంది తగినంత శారీరక శ్రమ చేయడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకుల అంచనా 2024లో వెలువడింది. ఇంటి చాకిరీ ఉండగా వేరే వ్యాయామం ఎందుకని అనేవారు ఇప్పటికీ ఉన్నారు. తెల్లవారకముందు, చీకటి పడ్డాక రోడ్డు మీద ఒంటరిగా నడిచే ధైర్యం చేయలేక మేడ మీద గిరగిరా తిరిగే ఇల్లాళ్లు మా వీధిలోనే ఆరుగురు ఉన్నారు. మేడ లేని ఇళ్లవారి గతి ఏమిటి?

మా వీధి చివరనే ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఉంది. దానికి చుట్టూ ప్రహరీ, గోడ వెంట వేపచెట్లు ఉన్న మంచి మైదానం ఉంది. నాలుగుసార్లు చుట్టి వస్తే కిలోమీటరు దాటుతుంది. సాయంత్రం ఐదింటికి గేటుకు తాళం పడితే మరునాడు ఎనిమిదిన్నరకు గాని తీయరు. ఆదివారాలు, దసరా, సంక్రాంతి, వేసవి సెలవులు కలిపితే ఏడాదిలో ఎన్ని రోజులు ఆ నేల ఖాళీగా పడి ఉంటుందో చూడండి. ప్రతి పాఠశాలకూ ఆటస్థలం ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం నిర్దేశించింది. ఉన్న ఆటస్థలాన్ని ఊరివారికి రోజుకు రెండు గంటలు ఇవ్వడానికి కొత్త స్థలసేకరణ అక్కరలేదు, కొత్త పార్కుకు శిలాఫలకమూ అక్కరలేదు. విశాఖపట్నంలో బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున వాహనాలను ఆపి నడిచేవారికి వదిలిపెడుతున్నారు. అంత రద్దీ రోడ్డునే వదలగలిగినప్పుడు ఖాళీగా ఉన్న మైదానం గేటు తీయడం అసాధ్యం కాదనుకుంటాను.

ముప్పై ఏళ్లు బడిలో పనిచేసిన దానిని కనుక ఒక తప్పు నా వైపు నుంచి కూడా ఒప్పుకోవాలి. పదో తరగతి పరీక్షలు దగ్గర పడగానే ఆటల పీరియడ్‌ను లెక్కలకు లాక్కున్న ఉపాధ్యాయులలో నేనూ ఉన్నాను. వ్యాయామ ఉపాధ్యాయుడు గొణిగినా వినిపించుకోలేదు. పిల్లలకు రోజుకు సగటున గంటసేపు శారీరక శ్రమ ఉండాలన్న సూచన అప్పట్లో నా చెవిన పడినా పట్టించుకునేదాన్ని కాదేమో. ఆ పిల్లలిప్పుడు నలభైలలో ఉన్నారు, పెళ్లిళ్లలో కలిసినప్పుడు మార్కుల బదులు షుగర్ నంబర్లు చెబుతున్నారు.

మైదానం తెరిస్తే బడి ఆస్తికి రక్షణ ఏదని ప్రధానోపాధ్యాయులు అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్నే. సెలవుల్లో గోడ దూకి వచ్చి సీసాలు పగలగొట్టి పోయేవారిని మా హయాంలోనూ చూశాము. అయితే తాళం వారిని ఆపలేదు, గేటు ద్వారా రావలసిన మమ్మల్నే ఆపింది. ఉదయం ఐదు నుంచి ఏడు వరకు యాభై మంది నడిచే చోట సీసాలు పగలగొట్టేవారు తగ్గుతారే గాని పెరగరు. తరగతి గదుల వైపు గ్రిల్లుకు విడిగా తాళం వేసి, మైదానం గేటు మాత్రమే తెరవవచ్చు. నడిచేవారి పేర్లతో ఒక పుస్తకం పెట్టవచ్చు. గేటు దగ్గర ఒక దీపం కావాలి, దాని కరెంటు ఖర్చు మేమే చందాలు వేసుకుని భరిస్తాము.

ఈ మాటే ప్రధానోపాధ్యాయులకు విన్నవిస్తే పై నుంచి ఉత్తర్వు ఉండాలన్నారు. పైవారిని అడిగితే స్థలం తమది కాదు, పురపాలక సంఘానిదన్నారు. అక్కడ అడిగితే బడి విద్యాశాఖదన్నారు. నెల నెలా ఇంటికి వచ్చి బీపీ, షుగర్ చూసే ఏఎన్ఎం అమ్మాయి మాత్రం మమ్మల్ని మరిచిపోకుండా "రోజూ నడుస్తున్నారా?" అని అడిగి రాసుకుని వెళుతోంది. ఉదయం గేటు తీసి, ఏడింటికి మూసి, తాళంచెవి అప్పగించే బాధ్యతను లిఖితపూర్వకంగా తీసుకోవడానికి మా వీధిలో నలుగురం సిద్ధంగా ఉన్నాము. దరఖాస్తు ఏ కార్యాలయానికి ఇవ్వాలో మీ పత్రిక ద్వారా సంబంధిత అధికారులు తెలియజేయగలరని కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
గుంటూరు జిల్లా